రోము చక్రవర్తి ముఖం, మనవాళ్ల తక్కెడ

మన వినుకొండలో 1889లో 15 రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. తిబెరియస్ మొదలు కారకల్లా దాకా, రెండు వందల ఏళ్ల చక్రవర్తులు వాటిమీద ఉన్నారు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికినవి మాత్రం వెండివి. అవి 1,500కు పైనే, అగస్టస్, తిబెరియస్‌ల కాలానివి. అక్కడ వెండి, మన దగ్గర బంగారం ఎందుకు? నేను కాపురముంటున్న ఈ రోము చరిత్రలోనే దానికి జవాబు ఉంది.

ఇక్కడి వెండి నాణెం డెనారియస్. క్రీ.పూ. 211 ప్రాంతంలో మొదలైంది. తొలిరోజుల్లో దానిమీద రోమా దేవత తల ఉండేది. బతికున్న రోమన్ నాయకుడి ముఖం ఈ నగరపు నాణెం మీదికెక్కింది క్రీ.పూ. 44లో, జూలియస్ సీజర్‌తోనే. ఆ ఏడే ఆయన్ని పొడిచి చంపారు. హంతకుల్లో ఒకడైన బ్రూటస్ తర్వాత తన నాణెం వెనక రెండు బాకులు, వాటి నడుమ విముక్తి పొందిన బానిస పెట్టుకునే టోపీ వేయించాడు. నియంతను చంపి జనానికి స్వేచ్ఛ తెచ్చామని చాటుకోవడమే అది. పత్రికలు లేని ఆ కాలంలో ఏలేవాడి మాట జీతం డబ్బుతోపాటే సిపాయి చేతికందేది. అగస్టస్ నాణెం వెనక మనవలు గయస్, లూసియస్ డాళ్లు, ఈటెలతో నిలబడి ఉంటారు. తన తర్వాత వీళ్లేనని ఆయన ఉద్దేశం. ఇద్దరూ తాత కళ్లముందే పోయారు. గద్దె తిబెరియస్‌కు దక్కింది.

మన దేశంలో దొరికిన రోమన్ వెండిలో ఎక్కువ భాగం అగస్టస్, తిబెరియస్‌లదే. ఇండియా సరుకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సులు, అంటే కోటీ పాతిక లక్షల డెనారియస్‌ల విలువ, తరలిపోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి పౌండు వెండికి 84 బదులు 96 నాణేలు కొట్టించి, కల్తీ కూడా పెంచాడు. ఆ తర్వాతి వెండి నాణేలు మనవైపు అరుదు. బంగారం రాక మాత్రం సాగింది. వినుకొండ నాణేలు ఆ వరసలోవే.

రోము తన ఘనత చెప్పుకోవడానికి బొమ్మలు చెక్కింది. మన వర్తకులు తూకం, మేలిమి చూసి పుచ్చుకున్నారు. పుదుక్కోట్టైలో 1898లో దొరికిన బంగారు నాణేల్లో చాలావాటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది. సముద్రం దాటాక ఆ ముఖానికి దక్కిన గౌరవం అంతే.

పత్తి చేలల్లో, మిరప చేలల్లో నాగలికి ఇలాంటివి తగిలితే కరిగించకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కరిగిస్తే లోహం ధరే మిగులుతుంది, ఊరి చరిత్ర పోతుంది.