1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం: దాని వెనక ఒక ఆలిం, ఒక శాసనసభ్యుడు

భర్త చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. బతికున్నాడో లేదో తెలియదు. భార్య ఎన్నేళ్లు ఎదురుచూడాలి? 1939కి ముందు మన దేశంలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు చాలా కఠినంగా ఉండేది. ఇక్కడి ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. హనఫీ ఫిఖ్‌లోని ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం, భర్త ఈడువాళ్లంతా చనిపోయేంత కాలం గడిచేదాకా ఆమె మరో నికాహ్ చేసుకోకూడదు. ఖర్చులివ్వని, కొట్టే భర్త నుంచి కోర్టులో విడుదల దొరకడమూ కష్టమే. దిక్కుతోచక కొందరు స్త్రీలు మతం మారామని ప్రకటించి నికాహ్ తెంచుకున్నారు.

మౌలానా అష్రఫ్ అలీ థానవీ (1863-1943)

థానాభవన్‌కు చెందిన ఈ హనఫీ ఆలిం, మదీనాలోని మాలికీ ఉలమాల ఫత్వాలు తెప్పించి 'అల్ హీలతున్ నాజిజా' అనే పుస్తకం రాశారు. మాలికీ మజ్హబ్‌లో నాలుగేళ్ల గడువు చాలు. తీవ్రమైన అవసరం ఉన్నప్పుడు మరో మజ్హబ్ అభిప్రాయం తీసుకోవడం హనఫీ ఫిఖ్ ఒప్పుకున్న పద్ధతే. మతం మారినంత మాత్రాన భార్య నికాహ్ తెగిపోదని కూడా ఆ పుస్తకం తేల్చింది.

ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ

కేంద్ర శాసనసభ సభ్యుడైన కాజ్మీ 1936లో బిల్లు పెట్టారు. ఇలాంటి కేసులు ముస్లిం జడ్జీలే వినాలన్న నిబంధన చివరికి నిలవలేదు. దానిపై ఉలమాలు అసంతృప్తి చెందారు. 1939 మార్చి 17న చట్టం వచ్చింది.

భార్య కోర్టుకు వెళ్లగల ముఖ్య కారణాలు

• భర్త ఆచూకీ 4 ఏళ్లుగా తెలియకపోవడం
• 2 ఏళ్లు పోషణ ఇవ్వకపోవడం
• భర్తకు 7 ఏళ్లు లేదా అంతకన్నా ఎక్కువ జైలుశిక్ష ఖరారు కావడం
• సరైన కారణం లేకుండా 3 ఏళ్లు దాంపత్య బాధ్యతలు నెరవేర్చకపోవడం
• క్రూరత్వం

భర్త ఆచూకీ లేని కేసులో డిక్రీ 6 నెలల తర్వాతే అమల్లోకి వస్తుంది. ఈలోగా అతను వచ్చి, కాపురానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది.

ఈ చట్టం నేటికీ అమల్లో ఉంది. కోర్టుకు వెళ్తే మహర్ పోతుందేమోనని భయపడాల్సిన పనిలేదు. ఈ చట్టంలోని ఏ నిబంధనా భార్య మహర్ హక్కును తగ్గించదని 5వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది.