తంబురా ఖరీదెంత?

కంచర్ల గోపన్నగారు పాల్వంచ పరగణాకి తహసీల్దారనీ, సర్కారు పైకంతో భద్రాద్రిలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యారనీ మనందరికీ తెలిసిన కథే. ఆ రామదాసుగారి పాటల్లో ఒకటుంది చూశారూ, అది అచ్చంగా పద్దుల పుస్తకం! ప్రాకారాలకెంత, లక్ష్మణుడి ముత్యాల పతకానికెంత, సీతమ్మ చింతాకు పతకానికెంత - వరహాలూ మొహరీలతో సహా రాముడికి లెక్క అప్పజెప్పేశారు. తంబురా ఖరీదు మాత్రం అందులో లేదు.

ఆ పాటలు దాదాపు మూడు వందల ఏళ్ళు ఏ యంత్రమూ లేకుండానే బతికాయి. భజన గోష్ఠుల్లో చిడతలూ తాళాలూ ఉంటే చాలు. ఊరికో వరస, ఇంటికో వరస. గోదావరి ఒడ్డు అడవుల్లో డోలి కోయలూ అంతే, వంశాల చరిత్రలన్నీ గొంతులోనే దాచుకున్నారు. సమ్మక్క సారలమ్మ కథ డోలు మీద పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు.

మరి యంత్రం చెడ్డదా అంటే, అలా అనలేను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన లక్క ప్లేట్లలో ఒక్కోటీ మూడు నిమిషాలే. అయినా ఆవిడ గొంతు ఇవాళ్టికీ వినగలుగుతున్నాం. 1948లో విజయవాడ రేడియో వచ్చింది. భక్తిరంజనితో పొద్దున్నే కాఫీ కలుపుతూనే కీర్తన నేర్చుకున్న ఆడవాళ్ళెందరో! బాలమురళిగారి రికార్డులతో రామదాసు గడపగడపకీ వచ్చాడు.

ఆ రికార్డు కోసమే 1980ల మొదట్లో పాల్వంచలో మా ఇంటికి స్టీరియో సెట్టు వచ్చింది. రెండు స్పీకర్లకీ టేకు పెట్టెలు. మావారు రికార్డుని మఖమల్ గుడ్డతో తుడిచి, ముల్లుని ఊది, స్పీకర్లని జానెడు అటూ జానెడు ఇటూ జరిపి, "ఎడం పక్క వయొలిన్, కుడి పక్క మృదంగం. విడివిడిగా వినపడుతున్నాయా?" అనేవారు. పాటెలా ఉందని ఒక్కనాడూ అడగలేదు. వచ్చినవాళ్ళకి కాఫీకి ముందే సెట్టు ఖరీదు చెప్పేవారు. నేను వంటింట్లో తాలింపు వేస్తే, "ఆ చిటపటలేవిటి, తలుపెయ్యి!"

మా అత్తగారు భద్రాచలం భజనల్లో పెరిగిన మనిషి. రికార్డు మోగుతుంటే ఊరుకోలేక తన వరసలో అందుకునేవారు. "అమ్మా, కాస్త ఆగు, సౌండ్ పాడవుతోంది" అనేవారు మావారు. రెండుసార్లన్నారు, మూడుసార్లన్నారు. తర్వాత అనాల్సిన అవసరం రాలేదు. ఆవిడ చాటలో బియ్యం వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవారు. చిత్రమేమిటంటే ఆ సెట్టులోనే క్యాసెట్టు మీద గొంతు పట్టే మీట కూడా ఉంది. ఆవిడ ముందు అది నొక్కాలని ఎవరికీ తోచలేదు.

ఆవిడ వరసలో ఒక కీర్తన మా అమ్మాయికి నేర్పుదామని ఈమధ్య కూచున్నాను. పల్లవి వచ్చింది. చరణం ఎత్తుకుంటే చాలు, ఎన్నిసార్లు పాడినా రికార్డు వరసలోకే జారిపోతోంది.