బల్లార్‌పూర్‌లో మా తాత దుకాణం, ఆయన ఉద్దెర పుస్తకాలు

రైలు టికెట్ మీద బల్లార్షా అని ఉంటుంది. ఊరి పేరు బల్లార్‌పూర్. ఢిల్లీ, చెన్నై మధ్య తిరిగే మనవాళ్లలో చాలామందికి ఇది రైలు కాసేపు ఆగే చోటు మాత్రమే. మా కుటుంబానికి ఇదే సొంతూరు. మా తాత ఇక్కడ నలభై ఏళ్లకు పైగా కిరాణా దుకాణం నడిపాడు. ఆయన గురించి, ఆయన వదిలి వెళ్లిన పుస్తకాల గురించి ఇంట్లో ఇప్పుడొక చర్చ నడుస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. పక్కనే వార్ధా నది. అవతల రాజురా. ఇప్పుడు రెండూ చంద్రపూర్ జిల్లాలోనే ఉన్నాయి కానీ, ఒకప్పుడు అవతలి ఒడ్డు నిజాం రాజ్యం, ఇవతల బ్రిటిష్ వాళ్ల సెంట్రల్ ప్రావిన్సెస్. రాజురా ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. కాబట్టి తెలుగు ఇక్కడికి ఎక్కడో దూరం నుంచి వచ్చిన భాష కాదు, నది దాటితే వినబడే భాష. ఈ జిల్లాలో ‘వార్’తో ముగిసే ఇంటిపేర్లు ఎన్నో ఉన్నాయి. అది మన ‘వారు’ అనే మాటేనని పెద్దవాళ్లు చెప్పుకుంటారు.

1929లో కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం పూర్తయింది. ఆ బండి ఎక్కే తాత ఆసిఫాబాద్ వైపు పల్లె నుంచి ఇక్కడికి వచ్చాడు. అప్పుడు రజాకార్ల గొడవలు, 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య ఇంకా జరగలేదు. చేతిలో ఉన్నది కొంచెం హాలీ సిక్కా. అది నిజాం డబ్బు. ఇవతల చెల్లేది కల్దారు రూపాయి. సుమారుగా ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. ‘నది దాటంగనే ఏడు రూపాయలు ఆరైనయ్, నా మొదటి నష్టం అదే’ అని తాత నవ్వుతూ చెప్పేవాడట.

మొదట వేరేవాళ్ల దుకాణంలో గుమాస్తాగా పని చేశాడు, తర్వాత సొంతంగా పెట్టాడు. ఊరు అప్పుడే పెరుగుతోంది. బొగ్గు గనులు ముందే ఉన్నాయి. 1945లో థాపర్ వాళ్లు కాగితం కంపెనీ పెట్టారు. అడవుల్లోంచి వెదురు లారీల్లో వచ్చేది. పని కోసం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. దుకాణం ముందు తెలుగు, మరాఠీ, హిందీ, గోండి అన్నీ వినబడేవి. అందరికీ తెలిసిన మాట మాత్రం ఒకటే, ఉద్దెర. జీతం నెలకోసారి, ఆకలి రోజూ. మధ్యలో దుకాణమే దిక్కు.

ఉద్దెర లెక్క ఎలా ఉండేదో చెబుతాను, మీ ఇళ్లలో కూడా ఇలాగే ఉండి ఉంటుంది. పగలు ఇచ్చిన సరుకంతా వరసగా చిట్టాలో రాసేవాడు. రాత్రి భోజనమయ్యాక దీపం దగ్గర కూర్చుని, ఒక్కొక్కరి పేరు కింద ఆవర్జాలోకి ఎక్కించేవాడు. జీతాల రోజు ఆవర్జా తెరిచి జమ రాసేవాడు. అక్షరాలు తెలుగు, అంకెలు మరాఠీవి.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు. పావలా సరిగ్గా ఇరవై ఐదు పైసలవుతుంది, కానీ ఒక్క అణా ఆరుంపావు పైసలు. ఆ పావు పైసా ఎవరిది? తాత కొన్నాళ్లు పాత లెక్క, కొత్త లెక్క రెండూ పక్కపక్కనే రాశాడు. తర్వాత సేరు పోయి కిలో వచ్చింది. సేరు సుమారు 933 గ్రాములు, కిలో అంతకన్నా పెద్దది. ధర పెరిగితే జనం ‘మోసం’ అనేవాళ్లు. పాత సేరు రాయి, కొత్త కిలో రాయి రెండూ తక్కెడలో పెట్టి చూపించేవాడని నానమ్మ చెప్పేది.

నేను చదివింది కన్నడ మీడియంలో. మా నాన్న దాండేలిలో కాగితం మిల్లులో పనికి చేరాడు, మేం అక్కడే పెరిగాం. తెలుగు ఇంట్లో మాటే, బడిలో అక్షరం కాదు. కానీ కన్నడ లిపి, తెలుగు లిపి అక్కచెల్లెళ్లు. తలకట్టు తేడా పట్టుకుంటే చాలు. తాత పోయాక ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే రెండు నెలల్లో చదవడం వచ్చేసింది. ఉప్పు, కందిపప్పు, బీడీకట్ట, కిరోసిన్. ఒకరి పేరు కింద నాలుగు రోజులు ఏమీ లేకుండా తర్వాత ఒక్క కొబ్బరికాయ. ఇలాంటివి చూస్తుంటే ఊరి చరిత్ర మిల్లు గేటు దగ్గర కన్నా ఈ పుస్తకంలోనే ఎక్కువ ఉందనిపించింది.

తాతకు ఒక పద్ధతి ఉండేది. ఎవరి బాకీ ఎంతో నలుగురి ముందు పైకి చదివేవాడు కాదు. పుస్తకాన్ని వాళ్ల వైపు తిప్పి వేలుతో చూపించేవాడు. చదువు రానివాళ్లయితే మిగతావాళ్లు వెళ్లేదాకా ఆపి, మెల్లగా చెప్పేవాడు. ఇంటి ముందుకెళ్లి అడిగిందీ లేదు. అందుకే ఊళ్లో మంచి పేరు.

ఆ మంచి పేరుకు ఇంట్లో ఖర్చు కూడా ఉంది, అది దాచకూడదు. మిల్లు ఆగిన నెలల్లో బాకీలు రావు, చంద్రపూర్ హోల్‌సేల్ వాళ్లు మాత్రం ఆగరు. అప్పుడు కుదువకు పోయింది నానమ్మ బంగారం. ‘మీ తాత ఊరందరికీ మంచోడు. మరి గొలుసు ఎవరిది పోయింది?’ అని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. పప్పులు చెరిగింది, పొట్లాలు కట్టింది నానమ్మే. చిట్టాలో ఆమె పేరు ఎక్కడా లేదు.

ఇప్పుడు చర్చ ఏమిటంటే, పుస్తకాలన్నీ స్కాన్ చేసి కుటుంబ చరిత్రగా పెడదామని కాక అంటున్నాడు. నేను వద్దంటున్నాను. ఆ పేర్ల వాళ్ల మనవళ్లు ఇప్పటికీ అదే వీధిలో ఉన్నారు. ‘మీ తాత మా తాతకు ఇంత బాకీ’ అని ఫోన్‌లో చూస్తే వాళ్లకెలా ఉంటుంది? నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అసలు కస్టమర్ల పేర్లతో టెస్ట్ చేయకూడదు, ముందు పేర్లు కప్పేయాలి, అది మా మొదటి నియమం. తాత కంప్యూటర్ చూడకుండానే ఆ నియమం పాటించాడు.

కాక మాటలోనూ న్యాయం ఉంది. ‘పేర్లు లేకుంటే అది ఎట్ల చరిత్ర అయితది? ఎవడు నమ్ముతడు?’ అంటాడు. నా జవాబు ఇది. ఆ కాగితం కంపెనీయే 2020లో దివాలా ట్రిబ్యునల్‌కు చేరింది, దాని అప్పులు పేపర్లలో వచ్చాయి. రావాల్సిందే, ఎందుకంటే వేల కుటుంబాల బతుకు దానితో ముడిపడి ఉంది. ఒక కూలి ఇంటి నూనె బాకీ బయటపెడితే ఎవరికి లాభం?

చివరికి ఇలా ఒప్పుకున్నాం. ధరలు, తూకాలు, అణాలు పైసల పేజీలు పెడతాం. పేర్లు కప్పేస్తాం. ఆవర్జాలు ఇంట్లోనే బీరువాలో ఉంటాయి. ఎవరైనా వచ్చి తమవాళ్ల ఖాతా చూస్తామంటే, ఆ ఒక్క పేజీ వాళ్ల వైపు తిప్పి చూపిస్తాం. మేనత్త దగ్గరున్న గొలుసు కుదువ చీటీని మాత్రం మొదటి పేజీలో నానమ్మ పేరుతోనే పెడుతున్నాం. అది మా ఇంటి బాకీ, దాన్ని బయట పెట్టే హక్కు మాకుంది.

మీ ఇళ్లలో కూడా అటక మీద ఇలాంటి చిట్టాలు ఉంటే రద్దీకి వేయకండి. చదవడం రాకపోతే వచ్చినవాళ్ల పక్కన కూర్చోండి.