డబ్బా చేపలు, మిస్వా, మన బీరకాయ

ఫిలిప్పీన్స్‌లో జీతాలు సాధారణంగా నెలకు రెండుసార్లు, 15న ఒకసారి, 30న ఒకసారి చేతికొస్తాయి. ఆ తేదీలకు ముందు జేబులు ఖాళీగా ఉండే నాలుగైదు రోజులకు అక్కడివాళ్లు 'పెట్సా దే పెలిగ్రో' అని పేరు పెట్టుకున్నారు. అంటే ప్రమాదపు తేదీలు. మన నెలాఖరు కష్టాలు వాళ్లకు నెలకు రెండుసార్లన్నమాట! అలాంటి రోజుల్లో ఇంటిల్లిపాది కడుపూ నింపే వంట ఒకటుంది. సార్డీన్ చేపల డబ్బా, మిస్వా అనే సన్నటి నూడుల్స్, బీరకాయ కలిపి చారులా కాస్తారు. అవును, మన బీరకాయే. వాళ్లు 'పటోలా' అంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఫిలిపినోలు కొత్త కాదు. 1965 నాటి వలస చట్టం తెరిచిన ద్వారం గుండానే మన డాక్టర్లూ వచ్చారు, వాళ్ల నర్సులూ వచ్చారు. ఆసుపత్రిలో పనిచేసే తెలుగువాళ్లలో ఫిలిపినో సహోద్యోగి తెచ్చిన 'పాన్సిత్' నూడుల్స్ రుచి చూడనివారు తక్కువే. మిస్వా మాత్రం విందుల్లో కనబడదు. ఇది అతిథుల కోసం వండేది కాదు, ఇంట్లోవాళ్ల కోసం వండుకునేది. అందుకే మనకు తెలియకుండా ఉండిపోయింది.

దీన్ని ఇక్కడ పరిచయం చెయ్యడానికి కారణం ఉంది. ఎఫ్-1 వీసా మీద వచ్చిన విద్యార్థి చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. హెచ్-1బి ఉద్యోగం పోయినవారికి ఇంకో దారి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఇలాంటి రోజుల్లో మొదట కోత పడేది తిండి మీదే. ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్లూ, ఫ్రోజెన్ పిజ్జాలతో నెలలు నెట్టుకొచ్చేవాళ్లు మన పిల్లల్లో ఎంతోమంది. అవి చవకే, కాదనం. కానీ అదే అరగంటలో, దాదాపు అంతే ఖర్చులో, చేపా కూరగాయా ఉన్న భోజనం నలుగురికి తయారవుతుంటే వాటితోనే ఎందుకు సరిపెట్టుకోవాలి?

ముందు సరుకుల సంగతి. ఫిలిపినో సార్డీన్ డబ్బాల్లో లిగో, 555, మెగా పేరున్న బ్రాండ్లు. మామూలు డబ్బా 155 గ్రాములు ఉంటుంది. టొమాటో సాస్‌లో ఉన్నదే తీసుకోండి, నూనెలోదీ నీళ్లలోదీ ఈ వంటకు నప్పవు. మనవాళ్లకైతే మిరపకాయ వేసిన కారం రకమే నచ్చుతుంది. మిస్వా గోధుమపిండితో చేసే వెంట్రుకంత సన్నని నూడుల్. చైనాలోని ఫుజియాన్ ప్రాంతం నుంచి వలస వెళ్లినవాళ్లతో ఫిలిప్పీన్స్ చేరింది. పొడుగాటి పోగులు దీర్ఘాయుష్షుకు గుర్తని వాళ్లు పుట్టినరోజున తింటారు. కాలిఫోర్నియాలోని నేషనల్ సిటీలో 1989లో మొదలైన సీఫుడ్ సిటీ దుకాణాల్లోనూ, 99 రాంచ్ వంటి ఆసియా దుకాణాల్లోనూ ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. మిస్వా దొరక్కపోతే జపాన్ వాళ్ల సోమెన్ వాడవచ్చు. మన సేమియా కూడా పనికొస్తుంది గానీ, అది రవ్వ సేమియా కాబట్టి ఉడకడానికి ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుంది, నోట్లో కరిగే ఆ మెత్తదనం రాదు. బీరకాయ ఇండియన్ దుకాణంలోనే లేతగా ఉంటుంది.

నలుగురికి రెండు డబ్బాల చేపలు, 100 గ్రాముల మిస్వా, ఓ పెద్ద బీరకాయ, ఓ ఉల్లిపాయ, ఓ టొమాటో, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా నూనె, మిరియాల పొడి చాలు. ధరలు ఊరినిబట్టి మారినా, నలుగురి భోజనం రెస్టారెంటులో ఒక మనిషి తినే ఖర్చులో తేలిపోతుంది.

బీరకాయ ఈనెలు చెక్కి, చిన్న ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే పారెయ్యండి, మొహమాటపడొద్దు. చెక్కిన పొట్టును మాత్రం పారెయ్యకండి, మర్నాడు పచ్చడికి పనికొస్తుంది. (ఈ పొదుపు ఫిలిపినోలకు మనం నేర్పవచ్చు.) కాయను అంగుళం మందాన ముక్కలు కోసుకోండి.

గిన్నెలో నూనె వేడెక్కాక చితక్కొట్టిన వెల్లుల్లి, తర్వాత ఉల్లి, ఆపైన టొమాటో వేసి మగ్గనివ్వాలి. ఫిలిపినో వంటల్లో సగానికి పునాది ఈ 'గినిసా'యే. మాట స్పానిష్ నుంచి వచ్చింది, మూడు శతాబ్దాలకు పైగా సాగిన స్పెయిన్ పాలన గుర్తు. ముందు వెల్లుల్లా, ముందు ఉల్లా అన్నది అక్కడ ఇంటింటి తగాదా. మన పోపులో ఆవాలు ముందా, మినప్పప్పు ముందా అన్నట్టే. టొమాటో మెత్తబడ్డాక సాస్‌తో సహా చేపలు వెయ్యండి. గరిటెతో మరీ కలిపారంటే చేపలు పొడిపొడి అవుతాయి. రెండు నిమిషాలయ్యాక ఐదారు కప్పుల నీళ్లు పోసి, తెర్లుతున్నప్పుడు బీరకాయ ముక్కలు వేసి నాలుగైదు నిమిషాలు ఉడికించండి. మిస్వా అందరూ పళ్లేల ముందు కూర్చున్నాకే వెయ్యాలి. ఒకటి రెండు నిమిషాలకు మించి పట్టదు. ఆలస్యమైతే చారంతా పీల్చేసుకుని సంకటిలా తయారవుతుంది. మిరియాల పొడి చల్లి దింపెయ్యండి. 'కాలమాన్సీ' అనే చిన్న నిమ్మకాయ పిండుతారు వాళ్లు, మనకు మామూలు నిమ్మకాయ చాలు.

దించేముందు గుప్పెడు 'మలుంగ్గాయ్' ఆకు వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆషాఢమాసంలో మన అమ్మమ్మలు వండిపెట్టే మునగాకే అది! ఫిలిపినో దుకాణాల్లో ఫ్రీజరు అరల్లో ఏడాది పొడుగునా ఉంటుంది. మునగాకు కోసం ఇండియా నుంచి ఎవరొస్తారా అని ఎదురుచూసేవారు ఈ కబురు గుర్తుపెట్టుకోండి.

ఉప్పు గురించి గట్టిగా చెప్పాలి. మిస్వాలో ఉప్పుంటుంది, సాస్‌లో ఉప్పుంటుంది, కొందరు పైన 'పాతిస్' అనే చేప సాస్ కూడా పోస్తారు. రోజుకు సోడియం 2,300 మిల్లీగ్రాములు దాటవద్దని అమెరికా ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకని డబ్బా మీదా ప్యాకెట్ మీదా అంకెలు చూడండి. విడిగా ఉప్పు వెయ్యకుండా వండి, రుచి చూశాకే ఆలోచించండి. బి.పి. ఉన్నవాళ్లు పాతిస్ జోలికి పోవద్దు. గౌట్ ఉన్నవాళ్లు సార్డీన్ విషయంలో డాక్టరును అడగడం మంచిది, యూరిక్ ఆమ్లాన్ని పెంచే చేపల్లో ఇదొకటి.

మిగిలినవాళ్లకు సార్డీన్ మంచి తిండి. ఒమేగా-3 కొవ్వులు బాగా ఉంటాయి. డబ్బాలో వేడికి ముల్లు మెత్తబడిపోతుంది గనక దాన్నీ తినవచ్చు, కాల్షియం అక్కడే ఉంది. చిన్న చేప కావడంతో పాదరసం తక్కువ. గర్భిణులు, పిల్లలు తినదగిన మేలైన చేపల జాబితాలో అమెరికా ఎఫ్.డి.ఎ. దీన్ని చేర్చింది. విశాఖ తీరంలో కవళ్లు తిని పెరిగినవారికి దీని బంధుత్వం చెప్పక్కర్లేదు. ఫిలిప్పీన్స్‌లో ఈ డబ్బాల పరిశ్రమకు కేంద్రం జాంబోవాంగా. అక్కడి సముద్రంలో చేప తరిగిపోతోందని 2011 నుంచి గుడ్లు పెట్టే కాలంలో మూడు నెలలు సార్డీన్ వేట ఆపుతున్నారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిలిపేసినట్టే.

డబ్బా ఉబ్బినా, కారినా, అతుకు దగ్గర లోతుగా సొట్టపడినా తెరవకుండానే చెత్తలో వెయ్యండి. తెరిచిన డబ్బాలో మిగిలిన చేపను గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యండి. అపార్ట్‌మెంట్‌లో వాసన సంగతి అందరికీ తెలిసిందే. ఫ్యాన్ వేసి, ఖాళీ డబ్బాను కడిగి వెంటనే బయటపెడితే రూమ్మేట్లతో సగం గొడవ తప్పుతుంది.

శాకాహారులు చేప బదులు పుట్టగొడుగులు, టోఫూ వేసుకుని ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు, టొమాటోలు మూడు వెయ్యాలి. కరివేపాకు, చింతపండు, ధనియాల పొడి వేద్దామని మనవాళ్లకు చెయ్యి లాగుతుంది. రెండోసారికి తప్పకుండా వెయ్యండి. మొదటిసారి మాత్రం వాళ్ల పద్ధతిలోనే వండి చూడండి, లేకపోతే చేపల పులుసులో నూడుల్స్ వేసినట్టే ఉంటుంది.

ఫిలిపినోలు దీన్ని కూడా అన్నంతోనే తింటారు, నూడుల్స్ ఉన్నాయి కదా అని అన్నం మానరు. మర్నాటికి మిగిల్చుకోవాలంటే మిస్వా వెయ్యకముందే సగం చారు పక్కకు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. లంచ్‌కి అది మరిగించి, అప్పుడు ఓ గుప్పెడు మిస్వా వేసుకుంటే సరి.