కడెం గండి - నా నష్టం చీటీలు

1958 ఆగస్టులో ఆదిలాబాద్ జిల్లా (నేడు నిర్మల్) కడెం ఆనకట్ట మీదుగా వరద పొర్లి, ఎడమ గట్టుకు సుమారు 450 అడుగుల గండి పడింది. నేను కరీంనగర్‌లో ఉద్యోగంలో చేరేనాటికి అది పెద్దలు చెప్పుకునే కథ.

2022 జులైలో గేట్లు వదలగలిగిన దానికి మించిన వరద మళ్ళీ వచ్చినప్పుడు, మా మనుమడు అమెరికా సైనిక ఇంజనీర్ల హెచ్.ఇ.సి.-ఎఫ్.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూపించినాడు. ఏ వరద ఎన్నేళ్ళకు వస్తుంది, నీరెంత ఎత్తు లేస్తుంది, ఆ ఎత్తుకు నష్టమెంత - ఈ మూడూ ఇస్తే ఏడాది సగటు నష్టం లెక్కగడుతుందట. మొదటి రెండింటికీ గేజి రిజిస్టర్లున్నాయన్నాను. మూడోది అడిగేసరికి నోట మాట రాలేదు. గోదావరి ఒడ్డున ఊరూరా తిరిగి రాసిన చీటీలు బదిలీనాడు నేనే చించి పారేసినాను.

మీ ట్రంకుపెట్టెల్లో అటువంటివుంటే పారేయకండి.