బడి విడిచిన తరువాత: గోదావరి తీరాన సాగిన చదువులు

పిల్లవాడు నేర్చుకొనేదంతా బడిలోనే అని మనం సాధారణంగా అనుకుంటాము. గంట కొట్టినప్పుడు చదువు మొదలై, మళ్ళీ గంట కొట్టినప్పుడు ముగుస్తుందని మన లెక్క. కాని బడి విడిచి, పుస్తకాల సంచి అరుగు మీద పడవేసి, చీకటి పడేలోగా పిల్లవాడు గడిపే రెండు గంటలలో కూడ చదువు ఉన్నది. ఆ రెండు గంటలను పెద్దలు ఎవరైనా శ్రద్ధగా పట్టించుకొన్న చోట ఎట్టి ఫలితం కలిగినదో చూపే ఉదాహరణలు గోదావరి మండలాల చరిత్రలో ఉన్నవి. వాటిలో కొన్నింటిని పాఠకుల ముందు ఉంచుతాను.

నేను ఈ సంగతి ఆలోచించడానికి ఒక కారణం ఉన్నది. కళాశాలలో జీవశాస్త్రం బోధించడం నా వృత్తి. ఒకనాడు మొదటి సంవత్సరపు విద్యార్థులను గుండె పటం గీయమన్నాను. నాలుగు గదులూ, కవాటాలూ, ధమనులూ తప్పు లేకుండ గీసి, పేర్లు వ్రాసి ఇచ్చారు. మరునాడు కొబ్బరి ఆకు గీయమన్నాను. వారిలో చాలమంది కోనసీమ పిల్లలే. కొబ్బరిచెట్ల క్రింద పుట్టి పెరిగినవారే. అయినా ఈనెకు ఇరువైపులా ఆకు ఎట్లా మడత పడి ఉంటుందో, మట్టకు ఆకులు ఏ వాటంగా అతికి ఉంటాయో ఒక్కరూ సరిగా గీయలేకపోయారు. కంటితో ఎన్నడూ చూడని గుండె వారికి వచ్చినది; రోజూ చూచే ఆకు రాలేదు. తప్పు పిల్లలది కాదు. గుండె పటం పుస్తకంలో ఉన్నది. కొబ్బరాకును నిలబడి చూడమని వారికి ఎవరూ చెప్పలేదు.

అట్లా చెప్పినవారు మన ప్రాంతంలో లేకపోలేదు. 1874లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా ప్రశ్నించే రోజులవి. బడి పెట్టడంతోనే పంతులుగారు తృప్తిపడలేదు. జ్యోతిశ్శాస్త్రమూ, జంతువుల స్వభావమూ, శరీరశాస్త్రమూ తెలుగులో గ్రంథాలుగా వ్రాశారు. 1880లో రాజమహేంద్రవరంలో తమ విద్యార్థులచే నాటకాలు ఆడించారు. నాటకమాడినందుకు పరీక్షలో మార్కులు రావు. అయినా పదిమంది ఎదుట నిలిచి, బెదరక, స్పష్టంగా మాట్లాడగలగడం చిన్న విద్య కాదు గదా!

ఆ తరువాత ముప్పది ఏండ్లకు అదే ఊరికి మరొక ఉపాధ్యాయుడు వచ్చాడు. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండు దేశీయుడు. 1909 నుండి 1919 వరకు రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా ఉన్నాడు. ఆయన కవి, నీటిరంగుల చిత్రకారుడు కూడ. కళాశాల పాఠ్యప్రణాళికలో చిత్రలేఖనం లేదు. అయినా తరగతి ముగిసిన తరువాత ఆయన చుట్టూ కొందరు కుర్రవాళ్ళు చేరేవారు. వారు బడి ఈడు దాటీ దాటని వయస్సువారు: దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు మొదలైనవారు. ఉన్నదానిని ఉన్నట్లు చూడడం, చూచినదానిని కాగితం మీద పెట్టడం ఆయన వారికి అలవాటు చేశాడు. గోదావరి, దాని మీది పడవలు, ఎదుటి కొండలు, గట్టు మీది మనుష్యులు: ఇంతకంటె మంచి పాఠ్యగ్రంథం వారికేమి కావలెను?

రామారావు 1897లో పుట్టాడు. కూల్డ్రే ప్రోత్సాహంతో 1916లో బొంబాయిలోని సర్ జె. జె. కళాశాలలో చేరి, 1920లో చదువు ముగించాడు. పేరు వచ్చినది. పెద్ద నగరంలోనే ఉండిపోవచ్చును. కాని ఆయన రాజమహేంద్రవరం తిరిగి వచ్చి, కొన్ని ఏండ్లలోనే ఒక చిత్రకళాశాల నెలకొల్పి, పిల్లలకు తాను నేర్చినది నేర్పసాగాడు. కూల్డ్రే అప్పటికే ఊరు విడిచిపెట్టినాడు. గురువు వెళ్ళిపోయినా పాఠం ఊళ్ళోనే నిలిచినది.

ఇక్కడ ఈ కథకు ఒక పెద్ద పరీక్ష వచ్చినది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన రామారావు మశూచి సోకి మరణించాడు. ఆయనకు ఇంకా ఇరువది ఎనిమిది ఏండ్లు నిండలేదు. సాధారణంగా ఇట్టి సంస్థలు స్థాపకునితోనే అంతరిస్తాయి. ఇది అంతరించలేదు. ఆయన మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ భారం తలకెత్తుకొని, 1963లో తాను మరణించే వరకు ఎందరికో చిత్రలేఖనం నేర్పాడు. బాపిరాజు బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షుడై, అక్కడి పిల్లలకు గురువైనాడు. రాజమహేంద్రవరంలో దామెర్ల పేర వెలసిన చిత్రశాలలో ఆయన చిత్రాలు నిలిచి ఉన్నవి.

ఇది కళాకారుల కథ గదా, విజ్ఞానశాస్త్రంతో దీనికేమి పని అని కొందరు అడగవచ్చును. రెండింటికీ మొదటి మెట్టు ఒక్కటే: శ్రద్ధగా చూడడం. రెండవ మెట్టు కూడ ఒక్కటే: చూచినదానిని దాచి ఉంచడం. అంతేకాదు, ఈ రెండు చదువులు ఒక తరం నుండి మరొక తరానికి సాగే తీరు కూడ ఒక్కటే. మైకేల్ ఫారడే చరిత్ర చూడండి. ఆయన కమ్మరి కుమారుడు. లండనులో పుస్తకాలు జిల్దు కట్టే పనిలో కుదిరినాడు. 1812లో ఆ దుకాణానికి వచ్చే పెద్దమనిషి ఒకరు ఇచ్చిన టిక్కెట్లతో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా పటాలతో సహా వ్రాసుకొన్నాడు. తరువాత తానే మహాశాస్త్రజ్ఞుడై, 1825లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో పిల్లల కొరకు ఆరంభమైన క్రిస్మసు ఉపన్యాసాలను పందొమ్మిది ఏండ్లు తానే ఇచ్చాడు. ఒక మామూలు కొవ్వొత్తిని వెలిగించి, దాని నుండి రసాయనశాస్త్రమంతా విప్పి చూపినాడు. వినడానికి వచ్చిన పిల్లవాడే చెప్పే పెద్దవాడైనాడు.

మన తెలుగునాట కూడ ఇట్టి యత్నాలు జరిగినవి. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక చెకుముకి సైన్సు సంబరాల పేర ఊరూరా బడిపిల్లలను ప్రశ్నలకూ ప్రయోగాలకూ అలవాటు చేసినది. 1993లో జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు మొదలైనది. పది నుండి పదిహేడేండ్ల లోపు పిల్లలు కొద్దిమంది కలిసి, ఒక పెద్దవారి సలహాతో, తమ ఊరి సమస్య నొకదానిని తామే పరిశీలించి నివేదిక వ్రాయాలని దాని నియమం. నియమం చాల మంచిది. కాని నివేదిక పిల్లవాడు వ్రాయడానికి బదులు ఉపాధ్యాయుడు వ్రాస్తే, బహుమతి వస్తుంది గాని చూపు రాదు.

ఖరీదైన పరికరాలు లేవు, ఏమి చేయగలమని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటారు. డెల్టాలో ఉన్నవారు ఈ మాట అనరాదు. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు రావడం మనందరికీ తెలుసును. ఆ నీటిని ఒక పెద్దవారు కాలువ నుండి తెచ్చి, తలా ఒక గాజుసీసాలో పోసి, కదలకుండ ఉంచమని పిల్లలకు ఇవ్వాలి. మిల్లీమీటరులో పదవ వంతు ఉన్న ఇసుకరేణువు పది సెంటీమీటర్ల లోతు దిగడానికి సుమారు పదకొండు సెకండ్లు చాలును. అందులో పదవ వంతు ఉన్న ఒండ్రు రేణువుకు ఇరువది నిమిషాలు కావలెను. ఇంకను పదవ వంతు ఉన్న బంకమట్టి రేణువుకు ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. వ్యాసం పదవ వంతు అయితే దిగే వేగం నూరవ వంతు అవుతుందని స్టోక్సు సూత్రం. పిల్లలకు ఆ సూత్రం ముందుగా చెప్పనక్కరలేదు. గంటగంటకూ సీసాను చూచి పటం గీయమంటే చాలును. మూడవనాటికి అడుగున పొరలు కనబడుతవి. అప్పుడు చెప్పవచ్చును: “మీ ఊరు ఇట్లాగే పుట్టినది. మీ అరుగు క్రింది మట్టి ఒకప్పుడు ఇట్లాగే నీటిలో తేలుతూ వచ్చినది” అని.

ఆ పిల్లలలో పదిమందికి తొమ్మిదిమంది ఆ సీసాను మరచిపోవచ్చును. ఒక్కడు మరువడు. ఆ ఒక్కడు పెద్దవాడై, తన ఊరికి తిరిగి వచ్చి, మరి పదిమంది చేతులకు సీసాలు ఇస్తే మన యత్నం నిలిచినట్లే. కూల్డ్రే పదేండ్లు మాత్రమే ఇక్కడ ఉన్నాడు. రామారావు బడి పెట్టిన తరువాత కొద్దికాలమే బ్రతికినాడు. అయినా ఆ చదువు తెగిపోలేదు. నేర్చుకొన్నవాడు నేర్పడానికి పూనుకొనడమే దానికి కారణం. భవనాలూ నిధులూ ఆ తరువాతి మాట.

ఈ వర్షాకాలంలో మీ ఊళ్ళో ఎర్రనీరు వచ్చిన రోజున, బడి విడిచిన తరువాత, పది సీసాలతో మొదలుపెట్టండి. నేనూ ఈసారి నా విద్యార్థులకు గుండె పటం కంటె ముందు కొబ్బరాకును చేతికి ఇవ్వదలచినాను.