పొగగొట్టం కోసం పోరాడినవాళ్లం

పోయిన సంక్రాంతికి అమ్మమ్మగారింటికి వెళ్లాను. అచ్యుతాపురం దగ్గర, పేరు చెప్పినా మీలో చాలామందికి తెలియని ఊరు. రాత్రి భోజనాలయ్యాక డాబా మీద మంచాలు వేసుకుని పడుకున్నాం. పదకొండు దాటాక వాసన మొదలైంది. కుళ్లిన క్యాబేజీలో నెయిల్ పాలిష్ కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. నేను లేచి కూర్చున్నాను. పక్క మంచం మీద మావయ్య కదల్లేదు.

"మావయ్యా, వాసనొస్తోంది."

"గాలి ఇటు తిరిగింది. తెల్లారేసరికి పోద్ది, పడుకో."

"ఎవరికైనా కంప్లైంట్ ఇచ్చారా?"

"ఏటని ఇస్తాం? ఎవరి మీదిస్తాం? అక్కడ బోలెడున్నాయి కంపెనీలు."

అంతే. పొద్దున్నకి వాసన పోయింది, అరిసెలు తిన్నాం, నేను బస్సెక్కి బెంగుళూరు వచ్చేశాను. కానీ "ఏటని? ఎవరి మీద?" అన్న ఆ రెండు ప్రశ్నలూ నాతోపాటే వచ్చేశాయి. సాఫ్ట్‌వేర్లో ఉన్నవాళ్లకి ఈ బాధ తెలుసు. బగ్ ఉందని టీమ్ మొత్తానికి తెలుసు, రీప్రొడ్యూస్ చెయ్యలేం, ఏ మాడ్యూల్‌దో చెప్పలేం. అలాంటి టికెట్ ఏళ్ల తరబడి ఓపెన్‌లో పడి ఉంటుంది. లేదా రిలీజ్ ముందు ఎవడో పుణ్యాత్ముడు చూసి మూసేస్తాడు.

పర్యావరణం గురించి మన ఆఫీసుల్లో మాట్లాడుకున్నప్పుడల్లా ఒకటే కారణం వినిపిస్తుంది. జనానికి అవగాహన లేదట. అందుకని జూన్ 5న ఒక మొక్క నాటి, ఫోటో దిగి, అవగాహన పెంచేసి వస్తాం. మా మావయ్యకి అవగాహన లేదంటే మాత్రం నేనొప్పుకోను. ఏ నెలలో గాలి ఎటు తిరుగుతుందో, ఏ బావి నీళ్లు ఇప్పుడు తాగకూడదో ఆయనకి తెలిసినంత నాకు తెలీదు. మరి తెలిసీ ఎందుకు ఏమీ చెయ్యరు? దీనికి నాకు తోచిన జవాబు చెప్పాలంటే ఓ అరవయ్యేళ్లు వెనక్కి వెళ్లాలి.

పర్యావరణ పుస్తకాల్లో కథ సాధారణంగా ఇలా మొదలవుతుంది: పచ్చటి ఊరు, ఎవరో కంపెనీవాడొచ్చాడు, ఊరు ఎదురు తిరిగింది. మా విశాఖ కథ దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. 1966లో ఇక్కడ జనం ఫ్యాక్టరీ కావాలని రోడ్లెక్కారు. టి. అమృతరావు గారు నిరాహార దీక్షకి కూర్చున్నారు. కాలేజీ కుర్రాళ్లు చదువులు మానేసి ఉద్యమంలోకి దిగారు. రాష్ట్రమంతా జరిగిన కాల్పుల్లో 32 మంది పోయారని చెప్తారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం మా తాతయ్య తరానికి ఇప్పటికీ నోటికి వస్తుంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, ప్లాంటుని జాతికి అంకితం చేసేసరికి 1992 అయింది. అంటే ఒక పొగగొట్టం కోసం పాతికేళ్లు ఎదురుచూశాం!

ఆ పాతికేళ్లలో ఇంకో సంగతి కూడా జరిగింది. ప్లాంటు కోసం ఇరవై వేల ఎకరాలకి పైగా భూమి తీసుకున్నారు. 60కి పైగా ఊళ్లు పోయాయి. నిర్వాసితులకి ఆర్-కార్డులిచ్చి ఉద్యోగాల్లో ప్రాధాన్యం అన్నారు. కొందరికి వచ్చాయి, వేలమందికి రాలేదు. ఇక్కడ గమనించండి. ఉద్యోగం రానివాళ్ల డిమాండు "నా భూమి నాకివ్వండి" కాదు, "నా ఆర్-కార్డుకి ఉద్యోగమివ్వండి". 2021 జనవరిలో కేంద్రం ప్లాంటుని పూర్తిగా అమ్మేయడానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు, ఊరు మళ్లీ రోడ్డెక్కింది. మా నాన్న కూడా ఒకరోజు దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చాడు. నేనూ ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్ ఫోటో మార్చాను. బొగ్గుతో ఒక టన్ను ఉక్కు చేస్తే దాదాపు రెండు టన్నుల పైనే కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. ఈ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. గుణించుకోండి. ఆ రోజు నేను గుణించలేదు, ఎవరూ గుణించలేదు. గుణించినా అక్కడే కూర్చుంటాం. తప్పని కూడా నేననడం లేదు. అది ఇరవై వేల కుటుంబాల అన్నం అనుకున్నప్పుడు పొగ లెక్క ఎవరికి కనిపిస్తుంది?

ఇది మన దగ్గరే అనుకోవద్దు. జపాన్‌లో మినమాటా అనే ఊరుంది. చిస్సో అనే కంపెనీ పాదరసం కలిసిన నీళ్లని సముద్రంలోకి వదిలింది. ఆ చేపలు తిన్నవాళ్లకి నరాల జబ్బు వచ్చింది. 1956లో జబ్బుని అధికారికంగా గుర్తించారు. 1959లో ఆ ఊరి మేయరు, వర్తకులు, కార్మిక సంఘాలవాళ్లు కలిసి గవర్నర్ దగ్గరికి వెళ్లారు. ఫ్యాక్టరీ నీళ్లు ఆపించమని అడగడానికి కాదు, ఆపొద్దని అడగడానికి! ఆ పాదరసం నీళ్లు ఆగింది 1968లో. వాళ్లంతా చెడ్డవాళ్లనుకోను. ఆ ఊరు ఆ కంపెనీ పెట్టిన అన్నం తింటోంది, అంతే.

సరే, అచ్యుతాపురానికి వద్దాం. 1990లలో పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల కంపెనీల వల్ల నీళ్లు ఎంత పాడయ్యాయో డాక్టర్ కిషన్‌రావు గారి లాంటివాళ్లు కోర్టుల చుట్టూ తిరిగి లోకానికి చెప్పారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మనం జ్వరానికి వేసుకునే యాంటీబయాటిక్ అది. హైదరాబాద్ చుట్టూ కొత్త బల్క్ డ్రగ్ యూనిట్లకి ఆంక్షలొచ్చాయి. కొత్త యూనిట్లు ఎక్కడికి పోవాలి? సముద్రం పక్కకి. పరవాడలో ఫార్మా సిటీ వచ్చింది. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో సెజ్ వచ్చింది. పటాన్‌చెరు సమస్యని మనం ఫిక్స్ చెయ్యలేదు, వేరే సర్వర్‌కి మైగ్రేట్ చేశాం :)

ఈ సెజ్‌లోకే మా తాతయ్య జీడితోట వెళ్లింది. డబ్బులొచ్చాయి. కొంత అప్పులకి పోయింది, కొంత మావయ్య పెళ్లికి, కొంత బ్యాంకులో మిగిలింది. ఆ మిగిలినదాంట్లోంచే నా ఇంజనీరింగ్ హాస్టల్ ఫీజు కట్టారు. ఇది రాయకపోతే మిగతాదంతా రాసే హక్కు నాకు లేదు.

ఇప్పుడు మావయ్య ప్రశ్నకి వద్దాం: ఎవరి మీద కంప్లైంట్ ఇస్తాం? దీని వెనక ఒక రూలుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టు పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అయితే అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల పెట్టే యూనిట్లకి విడివిడిగా ఆ సేకరణ అక్కర్లేదు. అంటే ఊరికి మాట్లాడే అవకాశం ఉన్నది పార్కు వచ్చేటప్పుడే. అప్పటికి అక్కడున్నది జీడితోటలూ, మ్యాపులో గీతలూ. ఏ కంపెనీ వస్తుందో, ఏ రసాయనం వాడుతుందో ఎవరికీ తెలీదు. అడగడానికి ఉన్న ప్రశ్న ఒక్కటే: ఉద్యోగాలిస్తారా? పదేళ్ల తర్వాత వాసనొచ్చేసరికి అడిగే వేదిక లేదు. పూడిమడక మత్స్యకారులు సముద్రంలోకి వేసే పైపులైను మీద గట్టిగా పోట్లాడగలిగారంటే, అది వాళ్ల కళ్లెదురుగా కనిపించే పైపు కాబట్టి.

కనిపించే పైపు, తారీకున్న ప్రమాదం. ఈ రెండింటికే మన వ్యవస్థ కదులుతుంది. 2022 జూన్ 3న అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ సెజ్‌లో బట్టలు కుట్టే ఆడపిల్లలు రెండొందలకి పైగా విషవాయువు పీల్చి ఆసుపత్రి పాలయ్యారు. ఆగస్టు 2న మళ్లీ అదే జరిగింది. మా మావయ్య కూతురు పనిచేసేది ఆ దగ్గర్లోనే, వేరే కంపెనీలో. మర్నాడు డ్యూటీకి వెళ్లావా అని అడిగితే, "సెలవెడితే అటెండెన్స్ బోనస్ పోద్ది బావా" అంది. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫార్మా యూనిట్లో ద్రావకం కారి, ఆవిరై, నిప్పంటుకుని 17 మంది పోయారు. వాళ్లలో మన వయసు ఇంజనీర్లున్నారు. ఆ యూనిఫాం బదులు ఐడీ కార్డు వేసుకున్నామంతే తేడా. ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ లీకైనప్పుడు కూడా కోటే. తారీకు పడ్డ చావుకి రేటుంది. పాతనగరంలో ఇరవై ఏళ్లు ఓడరేవు బొగ్గు దుమ్ము పీల్చి, డెబ్భై ఏళ్లు బతకాల్సినవాడు అరవైకే పోతే రేటు లేదు, తారీకు కూడా లేదు.

ఎల్జీ పాలిమర్స్ మీద హైపవర్ కమిటీ ఇచ్చిన నివేదికలో ఒక విషయం నాకెప్పుడూ గుర్తుకొస్తుంది. ఆ స్టైరీన్ ట్యాంకుకి ఉష్ణోగ్రత కొలిచే సెన్సారు అడుగున ఉంది. పైన, మధ్యలో లేవు. లాక్‌డౌన్‌లో కదలకుండా ఉన్న స్టైరీన్ పైభాగంలో వేడెక్కుతూ పోయింది, కింద రీడింగ్ మాత్రం మామూలుగా కనిపించింది. మానిటరింగ్ డ్యాష్‌బోర్డులతో బతికే మనకి ఇంతకంటే భయపెట్టే వాక్యం ఇంకోటి ఉండదనుకుంటా.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పొచ్చు మీరు. ఉత్తరాంధ్ర జనం పోరాడలేదా? సోంపేట సంగతేంటి? మంచి ప్రశ్న. 2010 జూలై 14న సోంపేట బీల దగ్గర థర్మల్ ప్లాంటుకి ఎదురు తిరిగితే కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో అదే కథ. సోంపేటలో ప్లాంటు రాలేదు, జనం గెలిచారు. కానీ వాళ్లు రాబోయే తరాల కోసం, భూగోళం కోసం కొట్లాడారని నేననుకోను. బీలలో నీళ్లున్నాయి. వాటితో వరి పండుతుంది, చేపలున్నాయి, గడ్డి ఉంది. అది ఆ రోజుకి ఆ ఇంట్లో ఉన్న ఆదాయం. పోయేదేదో, పోగొట్టుకునేదెవరో అందరికీ ముందే తెలుసు. మా మావయ్య లాంటివాళ్లకి జీడితోట ఇచ్చి చెక్కు తీసుకున్న రోజున పోయేదేమిటో కనిపించలేదు, వచ్చేది మాత్రం అంకెల్లో కనిపించింది. సోంపేటవాళ్లకి ధైర్యం ఎక్కువా, మావాళ్లకి తక్కువా? నాకలా అనిపించదు.

వాతావరణ మార్పు దగ్గరికొచ్చేసరికి ఇదే చిక్కు వెయ్యింతలవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి విశాఖని ఊడ్చేసినప్పుడు, ఆ గాలిలో ఎంత భాగం ఏ దేశపు ఏ పొగగొట్టానిదని కంప్లైంట్ ఇస్తాం? వాసనకైతే కనీసం గాలి వచ్చే దిక్కైనా ఉంది.

పూర్తిగా నిరాశగా కూడా లేదు లెండి. పూడిమడక దగ్గర ఎన్టీపీసీ ఒకప్పుడు 4000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పెడతానంది. అది అలా నలుగుతూ ఉండి, చివరికి అక్కడే గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇది ఊరు అడిగితే వచ్చిన మార్పు కాదు, సోలార్ కరెంటు చవకైపోయింది కాబట్టి వచ్చిన మార్పు. ఎలా వస్తేనేం, వచ్చింది.

ఇక మన సంగతి. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఒక గిగావాట్ ఏఐ హబ్ ప్రకటించింది. స్థలాలుగా చెప్పిన మూడు చోట్లలో రాంబిల్లి ఒకటి. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు పండగే. నేనూ స్టేటస్ పెట్టుకున్నాను. ఒక గిగావాట్ ఏడాదంతా వాడితే 876 కోట్ల యూనిట్లు. స్వచ్ఛ విద్యుత్ మీద కూడా పెట్టుబడి పెడతామని కంపెనీ అంటోంది, చూద్దాం. ఈసారి గుణించాను గానీ, స్టేటస్ పెట్టిన మూడు రోజుల తర్వాత. అరవై ఆరులో తాతయ్యవాళ్లకి ఉక్కు ఏమిటో, మనకిది అదే.

ఆ సంక్రాంతి రాత్రే, వాసన రాకముందు, మావయ్య అడిగాడు, "మీ గూగులోడు రాంబిల్లి వస్తన్నాడంట గదా, మన పిల్లలకి ఉజ్జోగాలొస్తాయేటిరా?" అరగంటసేపు చెప్పాను. ఎన్ని వస్తాయి, ఏం కోర్సులు చెయ్యాలి, బావమరిదిని దేంట్లో చేర్చాలి. కూలింగ్‌కి నీళ్లు ఎక్కడినుంచి తెస్తారన్నది నాకు గుర్తే రాలేదు.

బెంగుళూరు వచ్చాక గుర్తొచ్చి ఫోన్ చేశాను. "మావయ్యా, గ్రామసభ ఏదైనా పెడితే నీళ్ల గురించి అడుగు."

"నాకేటి తెలుసురా కంప్యూటర్ల గురించి? నువ్వొచ్చి అడుగు."

లీవులు చూసుకుని చెప్తానన్నాను.